కొత్తవాళ్లకు పని నేర్పడం: క్లాసా, వీడియోనా, సీనియర్ పక్కన కూర్చోబెట్టడమా?

కొత్తవాళ్లు నలుగురు చేరుతున్నారు. లేదా ఉన్నవాళ్ల చేతికే కొత్త మెషీన్, కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. నేర్పించే బాధ్యత మీ నెత్తిన పడింది. హెచ్‌ఆర్ వాళ్లు ఒక ఆన్‌లైన్ కోర్సు పేరు చెబుతారు. పై అధికారి బయటినుంచి ఎవరినైనా పిలిపించి రెండు రోజులు క్లాసు పెట్టిద్దామంటాడు. షిఫ్టు సూపర్‌వైజరేమో "అవన్నీ ఎందుకండీ, వారం రోజులు సీనియర్ పక్కన నిలబెడితే అదే వస్తుంది" అంటాడు. ముగ్గురు చెప్పేదాంట్లోనూ ఎంతో కొంత నిజముంది. అందుకే తేల్చుకోవడం కష్టం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజువారీ పని చాలావరకు తోటివాళ్ల దగ్గర నేర్చుకుంటేనే బాగా వస్తుంది. అలాగని "పక్కన కూర్చుని చూడు" అంటే అది ట్రైనింగ్ అయిపోదు. తోటివాళ్ల చేత నేర్పించాలంటే ఒక పద్ధతి ఉండాలి, దానికోసం పని గంటల్లోంచి సమయం తీసి ఇవ్వాలి. ఈ రెండూ ఇవ్వలేని చోట క్లాసో వీడియోనో ఎంచుకోవడమే నయం. కనీసం ఏం చెప్పారో, ఏం చెప్పలేదో తెలుస్తుంది.

## పద్ధతి కంటే ముందు పనిని చూడండి

ఏ కోర్సు బాగుంటుంది అనే ప్రశ్నతో మొదలుపెడితే ఎటూ తేలదు. నేర్పాల్సిన పని ఎలాంటిదో ముందు చూసుకోవాలి.

తప్పు జరిగితే ఏమవుతుంది? డేటా ఎంట్రీలో ఒక అంకె తప్పు పడితే సాయంత్రానికి టోటల్ కలవదు, కూర్చుని దిద్దుకుంటాం. ప్రెస్ మెషీన్ కింద చెయ్యి పడితే దిద్దుకోవడానికి ఏమీ ఉండదు. దిద్దుకోగలిగిన తప్పులున్న పనిని చేస్తూ నేర్చుకోవచ్చు. దిద్దుకోలేని తప్పులున్న పనికి ముందుగా వేరేచోట ప్రాక్టీస్ కావాలి.

తప్పు ఎప్పుడు బయటపడుతుంది? దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. వెల్డింగ్ అతుకు వంకరగా వస్తే అక్కడికక్కడే కంటికి కనిపిస్తుంది. ఒక ఒప్పందం పత్రంలో ఒక షరతు వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత గొడవ వచ్చినప్పుడుగానీ తెలియదు. వెంటనే బయటపడే తప్పు తానే గురువై నేర్పుతుంది. ఆలస్యంగా బయటపడే పనిలో మాత్రం పక్కన తెలిసిన మనిషి ఉండి, చేసినదాన్ని చూసి చెప్పాలి. లేకపోతే కొత్తవాడు తప్పునే నెలల తరబడి ప్రాక్టీస్ చేస్తాడు.

పని రోజూ ఒకేలా ఉంటుందా? ప్యాకింగ్ లైన్ మీద వరస మారదు. కస్టమర్ సపోర్ట్‌లో ఏ రెండు కాల్స్ ఒకలా ఉండవు. మొదటిదాన్ని మెట్లుగా విడగొట్టి నేర్పొచ్చు. రెండోదాన్ని ఎంత విడగొట్టినా కొంత మిగిలిపోతుంది, ఆ మిగిలినదే అసలు పని.

ఆ తెలివి ఇప్పుడు ఎక్కడుంది? మాన్యువల్‌లో ఉందా, ఒకరి చేతిలో ఉందా, నలుగురి తలల్లో తలా ఇంత ఉందా? మాన్యువల్‌లో ఉంటే వీడియో చాలు. ఒకరి చేతిలో ఉంటే ఆ మనిషి నేర్పాలి. నలుగురిలో చెదిరి ఉంటే ఆ నలుగురూ మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలి.

ఎంతమందికి నేర్పాలి, ఏడాదికి ఎన్నిసార్లు నేర్పాలి అన్నవి కూడా ముఖ్యమే. అవి బడ్జెట్ లెక్కలు, పైన చెప్పినవి తేలాక వాటంతట అవే తేలతాయి.

## ఒక్క చూపులో

| పద్ధతి | ఏ పనికి సరిపోతుంది | ఎక్కడ దెబ్బతింటుంది | అసలు ఖర్చు ఎక్కడ |
|---|---|---|---|
| క్లాసు | నిబంధనలు, భద్రత, అందరికీ ఒకేలా చెప్పాల్సినవి | చేతి పని, రోజుకో రకంగా మారే పని | ట్రైనర్ ఫీజు, అందరూ ఒకేసారి పని ఆపడం |
| వీడియో, ఆన్‌లైన్ కోర్సు | సాఫ్ట్‌వేర్ వాడకం, మళ్లీ మళ్లీ చూసుకోవాల్సినవి | సందేహం వచ్చినప్పుడు, మన దగ్గరి ప్రత్యేక పరిస్థితులు | తయారీ, మార్పు వచ్చినప్పుడల్లా మళ్లీ తీయడం |
| సీనియర్ పక్కన కూర్చోవడం | వాతావరణం, మనుషులు, పని తీరు అలవాటు కావడం | సీనియర్‌కున్న దొడ్డిదారులు కూడా వచ్చేస్తాయి | బయటికి కనపడదు, సీనియర్ పని మందగిస్తుంది |
| మెట్లవారీగా తోటివాళ్లే నేర్పడం | వరస మారని చేతి పని, మెషీన్ పని | ఊహించని సమస్యలు | నేర్పేవాళ్లను తయారు చేయడం, పనిని విడగొట్టి రాయడం |
| జంటలు, చిన్న బృందాల చర్చ | అమ్మకాలు, సపోర్ట్, రిపేర్లు, నిర్ణయాలు | అసలు ఏమీ రాని కొత్తవాళ్లు | వారం వారం ఆ సమయాన్ని కాపాడటం |
| సిమ్యులేటర్, నమూనా మీద ప్రాక్టీస్ | ప్రాణం మీదికి వచ్చే తప్పులున్న పని | అసలు పనికి, నమూనాకు పోలిక లేకపోతే | పరికరాలు |

## క్లాసు

క్లాసును తిట్టడం ఈమధ్య ఫ్యాషన్ అయింది. అన్నిచోట్లా అది న్యాయం కాదు. మెషీన్ ఆపి, కరెంటు తీసి, తాళం వేశాకే లోపల చెయ్యి పెట్టాలి అన్న నియమం యాభై మందికి చెప్పాలంటే క్లాసే సరైనది. అలాంటి విషయాన్ని ఒకరినుంచి ఒకరికి నోటిమాటగా వదిలేస్తే పదో మనిషి దగ్గరికి చేరేసరికి "తాళం ఉంటే వెయ్యి, లేకపోతే పర్లేదు" అయిపోతుంది.

క్లాసుతో చిక్కు మర్చిపోవడం. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో చెప్పిన సంగతి ఇది: నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదట్లోనే, చాలా వేగంగా జారిపోతుంది. ఆయన కంఠస్థం పట్టింది అర్థంలేని అక్షరాలను. పనికొచ్చే విషయాలు కాస్త ఎక్కువ కాలమే నిలుస్తాయి. అయినా సోమవారం క్లాసు పెట్టి నెల తర్వాత మెషీన్ దగ్గరికి పంపితే ఏం మిగులుతుందో మీకూ తెలుసు. క్లాసు పెడితే ఆ వారంలోనే ఆ పని చేతికివ్వండి. అలా కుదరకపోతే క్లాసునే వాయిదా వేయండి.

## వీడియోలు, ఆన్‌లైన్ కోర్సులు

నెలకొకరు చొప్పున చేరే చోట, మూడు షిఫ్టులు నడిచే చోట, ఇళ్లనుంచి పనిచేసే టీమ్‌లో వీడియోకు సాటి లేదు. రాత్రి షిఫ్టులో సందేహం వస్తే ట్రైనర్ ఉండడు, వీడియో ఉంటుంది.

రెండు జాగ్రత్తలు చాలు. మొదటిది, గంట వీడియో వద్దు. ఒక పనికి ఒక వీడియో, మూడు నాలుగు నిమిషాలు. స్క్రీన్ మారితే ఆ ముక్క ఒక్కటే మళ్లీ తీసుకోవచ్చు. రెండోది, చూడటంతో ఆపకూడదు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే ఫలితం తలకిందులైంది. మళ్లీ చదవకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. కాబట్టి వీడియో అయ్యాక "ఇప్పుడు చూడకుండా చేసి చూపించు" అన్న మెట్టు తప్పనిసరి. నూటికి నూరు శాతం పూర్తి చేశారని కోర్సు రిపోర్టు చూపిస్తే సంతోషపడిపోకండి. అది ప్లే బటన్ నొక్కిన లెక్క.

## సీనియర్ పక్కన కూర్చోబెట్టడం

ప్రపంచంలో ఎక్కువ పని ఇలాగే నేర్చుకుంటున్నారు. ఖర్చు లేదనుకుంటారు కాబట్టి దీన్ని ఎవరూ ప్రశ్నించరు కూడా. నిజానికి ఇందులో కొన్ని లాభాలు ఇంకెక్కడా దొరకవు. ఎవరిని ఏం అడగాలి, ఎప్పుడు అడగకూడదు, ఏ ఫిర్యాదును వెంటనే పట్టించుకోవాలి, దేన్ని రేపటికి వదిలేయాలి: ఇవి ఏ మాన్యువల్‌లోనూ రాసుండవు. పక్కన ఉంటే తెలుస్తాయి.

కానీ ఆ మొదటి రోజు ఎలా గడుస్తుందో ఒకసారి గమనించండి. సీనియర్ పని చేసుకుంటూ పోతాడు. చేతులు చకచకా కదులుతుంటాయి, ఒకే క్లిక్కులో మూడు స్క్రీన్లు మారిపోతాయి. "అర్థమైందా?" అని అడుగుతాడు. కొత్తవాడు తలూపుతాడు. ఏం అర్థం కాలేదో అడగాలన్నా ఏ ముక్క జారిపోయిందో వాడికే తెలియదు. మధ్యాహ్నానికి టార్గెట్ టెన్షన్ మొదలవుతుంది, సీనియర్ మాటలు తగ్గిపోతాయి. సాయంత్రానికి కొత్తవాడికి ఫైళ్లు సర్దే పని దొరుకుతుంది.

ఇందులో సీనియర్ తప్పేమీ లేదు. ఏళ్ల తరబడి చేసిన పని ఆలోచన అక్కర్లేకుండా చేతికే వచ్చేస్తుంది. తాను ఏం చేస్తున్నాడో మాటల్లో పెట్టడం అప్పుడే కష్టమవుతుంది. అందరికంటే వేగంగా పనిచేసే మనిషినే గురువుగా పెట్టడం మనం తరచూ చేసే పొరపాటు. బొత్తిగా కొత్తవాళ్లకు, ఏడాది రెండేళ్ల క్రితం అదే పని నేర్చుకున్న మనిషి బాగా నేర్పగలడు. తాను ఎక్కడెక్కడ తడబడ్డాడో ఆయనకు ఇంకా గుర్తుంటుంది. పాతికేళ్ల అనుభవం ఉన్న మనిషిని తర్వాతి దశకు దాచుకోండి. మెషీన్ వింత శబ్దం చేసినప్పుడు, ఎవరికీ అర్థంకాని కేసు వచ్చినప్పుడు ఆయన దగ్గర నేర్చుకునేది వేరు.

ఇంకో చిక్కు, అలవాట్లు అంటుకోవడం. సీనియర్ కళ్లద్దాలు పెట్టుకోకుండా గ్రైండింగ్ చేస్తే కొత్తవాడూ పెట్టుకోడు. క్లాసులో ఏం చెప్పారన్నది అప్పుడు గుర్తుకు రాదు.

## మెట్లవారీగా తోటివాళ్ల చేత నేర్పించడం

తెలిసినవాళ్లు తక్కువ, విడమరిచి చెప్పగలిగేవాళ్లు ఇంకా తక్కువ. దీనికి కొత్తగా ఏదో కనిపెట్టాల్సిన పనిలేదు, ఎనభై ఏళ్ల నాటి పద్ధతి ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల నుంచి అనుభవమున్న మగవాళ్లు సైన్యంలోకి వెళ్లిపోయారు. ఆ స్థానంలోకి ఎప్పుడూ మెషీన్ ముట్టుకోని లక్షలమంది వచ్చారు. వాళ్లకు నేర్పడానికి వాడింది ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే ప్రభుత్వ కార్యక్రమాన్ని. అది అమెరికా యుద్ధంలోకి దిగకముందే, 1940లో మొదలైంది. పనివాళ్లందరికీ క్లాసులు పెట్టకుండా, సూపర్‌వైజర్లకూ అనుభవమున్న పనివాళ్లకూ "నేర్పడం ఎలా" అన్నది నేర్పారు. రెండేసి గంటల చొప్పున ఐదు విడతలు, మొత్తం పది గంటలు. 1945లో ముగిసేనాటికి పదహారు లక్షలమందికి పైగా ఈ కార్యక్రమంలో సర్టిఫికెట్ పొందారు. యుద్ధం తర్వాత అది జపాన్‌కు వెళ్లింది. టయోటా దాన్ని తీసుకుని, తన పని పద్ధతిలో కలిపేసుకుంది.

అందులో మొదటి రోజే ఒక ప్రదర్శన ఉండేది. కరెంటు తీగ లాగినప్పుడు లోపలి కనెక్షన్ ఊడకుండా వేసే ఒక ముడి ఉంది. ట్రైనర్ ఒకరిని పిలిచి ఆ ముడి ఎలా వేయాలో నోటితో మాత్రమే చెప్తాడు. ఆ మనిషి వేయలేడు. ఇంకొకరిని పిలిచి మాట లేకుండా వేసి చూపిస్తాడు. అతనూ వేయలేడు. ఆ తర్వాత నాలుగు మెట్లలో నేర్పితే వచ్చేస్తుంది. చెప్పడం వేరు, చూపడం వేరు, నేర్పడం వేరని గదిలో అందరికీ కళ్లెదుటే తేలిపోతుంది.

ఆ నాలుగు మెట్లు ఇవి: నేర్చుకునే మనిషిని సిద్ధం చేయడం, పనిని ముక్కలుగా చెప్తూ చేసి చూపడం, ఆ మనిషి చేత చేయిస్తూ చెప్పించడం, వదిలేశాక మళ్లీ మళ్లీ వచ్చి చూసుకోవడం. వినడానికి మామూలుగానే ఉన్నాయి. మూడో మెట్టును మాత్రం దాదాపు అందరూ దాటేస్తారు. నేర్చుకునే మనిషి పని చేస్తూ ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో తన నోటితో చెప్పాలి. అక్కడే అసలు అర్థమైందో లేదో బయటపడుతుంది.

దీనికి ముందు నేర్పే మనిషి పనిని ఒక కాగితం మీద విడగొట్టి రాసుకోవాలి. మూడు గడులు చాలు: ఏం చేయాలి, అందులో కీలకం ఏమిటి, ఎందుకు. పైపు జాయింట్‌లో కారకుండా మధ్యన పెట్టే గాస్కెట్‌ను మార్చే పనికి ఆ కాగితం ఇలా ఉంటుంది:

| ఏం చేయాలి | కీలకం | ఎందుకు |
|---|---|---|
| రెండు ముఖాలూ శుభ్రం చేయడం | పాత గాస్కెట్ పొర ఎక్కడా మిగలకూడదు | చిన్న ముక్క ఉన్నా అక్కడ సందు మిగిలి కారుతుంది |
| కొత్త గాస్కెట్ కూర్చోబెట్టడం | సరిగ్గా మధ్యలో ఉండాలి | పక్కకు జరిగితే ఒక అంచు పట్టు దొరకదు |
| బోల్టులన్నీ చేత్తో తిప్పడం | అన్నీ ఎక్కాకే స్పానర్ పట్టాలి | మర పెడగా ఎక్కితే అప్పుడే తెలిసిపోతుంది |
| బిగించడం | ఎదురెదురు బోల్టులు, రెండు మూడు విడతల్లో | ఒకవైపే ముందు బిగిస్తే గాస్కెట్ అటు నలిగి ఇటు వదులవుతుంది |

ఆ మూడో గడి లేకుండా కాగితం ఇస్తే ఏమవుతుంది? పని తొందరలో "ఎదురెదురు ఎందుకులే, వరసగా బిగించేద్దాం" అనుకుంటారు. కారణం తెలిసిన మనిషి అలా చేయడు. కారణం తెలియకపోతే నియమం ఒక చాదస్తంలా కనిపిస్తుంది.

ఈ పద్ధతికి హద్దు ఉంది. కాల్‌లో కోపంగా ఉన్న కస్టమర్‌ను శాంతపరచడాన్ని ఇలా గడుల్లో రాయబోతే నవ్వొచ్చేలా తయారవుతుంది. "కీలకం: మర్యాదగా మాట్లాడాలి." అలాంటి పనికి తర్వాతి పద్ధతి చూడండి.

## జంటలు, చిన్న బృందాల చర్చ

జూలియన్ ఆర్ అనే పరిశోధకుడు, తనే ఒకప్పుడు టెక్నీషియన్, 1980లలో జిరాక్స్ కంపెనీ రిపేరు టెక్నీషియన్లతో కలిసి తిరిగాడు. కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌లో ప్రతి ఎర్రర్ కోడ్‌కూ ఏం చేయాలో రాసి ఉంటుంది. అయినా మాన్యువల్‌కు లొంగని మెషీన్లు ఉంటూనే ఉంటాయి. వాటి గురించి టెక్నీషియన్లు కలిసి భోజనం చేసేటప్పుడు చెప్పుకునేవాళ్లు. "ఆ మోడల్ అట్లా చేస్తే నువ్వనుకున్న భాగం కాదు, అవతలిది చూడు" అనే రకం మాటలు. పైనుంచి చూసే మేనేజర్‌కు అది కాలక్షేపంలా కనిపిస్తుంది. రిపేరు అసలు అక్కడే నేర్చుకుంటున్నారని ఆర్ చూపించాడు. తర్వాత 1990లలో జిరాక్స్ ఆ చిట్కాలను టెక్నీషియన్లే రాసి, టెక్నీషియన్లే సరిచూసే ఒక వ్యవస్థగా మార్చింది. ప్రతి చిట్కా కింద రాసిన మనిషి పేరు ఉండేది.

మరి ఇది దానంతట అది జరగదా? జరిగే చోట జరుగుతుంది. చాలాచోట్ల జరగదు, కారణం మొహమాటం. "ఇది నాకు రాదు" అని ముందుగా నోరు తెరిచి అడగడం ఎవరికైనా కష్టమే. జేసన్ శాండ్విక్, ఇంకో ముగ్గురు పరిశోధకులు ఒక అమ్మకాల కాల్ సెంటర్‌లో చేసిన ప్రయోగం 2020లో వెలువడింది. కొందరు ఉద్యోగులను జంటలుగా విడదీసి, ఒక చిన్న ఫారం ఇచ్చి, ఎవరెలా అమ్ముతున్నారో ఒకరికొకరు చెప్పుకోమన్నారు. ఇంకొన్ని జంటలకు మాటల ఏర్పాటేమీ లేకుండా, ఇద్దరి అమ్మకాలూ కలిసి పెరిగితే బహుమతి అన్నారు. బహుమతి జంటల అమ్మకాలు ప్రయోగం నడిచినన్నాళ్లు పెరిగి ఆ తర్వాత పడిపోయాయి. మాట్లాడుకున్న జంటల అమ్మకాలు బాగా పెరిగాయి, ప్రయోగం అయిపోయాక కూడా ఆ పెరుగుదల నిలిచింది. బాగా అమ్మే మనిషితో జంట కట్టినవాళ్లు అందరికంటే ఎక్కువ లాభపడ్డారు. అడగడానికి ఒక సాకు దొరికితే చాలన్నమాట. "ఫారంలో ఉంది, అందుకే అడుగుతున్నా" అనగలిగితే మొహమాటం పోతుంది.

మీ టీమ్‌లో పెట్టాలనుకుంటే మరీ పెద్ద ఏర్పాట్లు వద్దు. వారానికి ఒక అరగంట, పని గంటల్లోనే. ఇద్దరిద్దరు. కాగితం మీద మూడు ప్రశ్నలు: ఈ వారం ఎక్కడ ఇరుక్కున్నావు? అప్పుడు ఏం చేశావు? అదే నేనైతే ఎలా చేసేవాణ్ణి? కొన్ని వారాలకోసారి జంటలు మార్చండి. మేనేజర్ ఆ గదిలో ఉండకూడదు. ఆ కాగితం అప్రైజల్‌కు వాడకూడదు. వాడారని ఒక్కసారి తెలిసిందా, ఆ తర్వాత అందరూ "ఈ వారం ఏ సమస్యా లేదు" అనే రాస్తారు.

తప్పులు చెప్పుకోవడం గురించి ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి టీమ్‌ల మీద చేసిన పరిశోధన గుర్తుపెట్టుకోదగ్గది. మంచి టీమ్‌లలో మందుల పొరపాట్లు తక్కువ నమోదవుతాయని ఆమె అనుకున్నారు. లెక్కలు చూస్తే ఎక్కువ ఉన్నాయి. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం వల్ల కాదు, భయం లేక బయటికి చెప్పడం వల్ల అని తర్వాత తేల్చారు. మీ దగ్గర జంటల చర్చ మొదలయ్యాక సమస్యల జాబితా పెరిగితే కంగారుపడకండి.

ఈ పద్ధతి ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. మొన్ననే చేరిన ఇద్దరిని జంటగా కూర్చోబెడితే ఇద్దరూ కలిసి ఊహించుకుంటారు, అంతే. కనీసం ఒకరికి పని వచ్చి ఉండాలి.

## సిమ్యులేటర్, నమూనా

పైలట్లు, కంట్రోల్ రూమ్ ఆపరేటర్లు, సర్జన్లు దీన్ని వాడటానికి కారణం చెప్పనక్కర్లేదు. మామూలు ఆఫీసులో దీన్ని ఖరీదైన వ్యవహారంగా చూస్తారు. అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌కు ఒక టెస్ట్ అకౌంట్, వెల్డింగ్‌కు పనికిరాని ముక్కలు, సపోర్ట్‌కు కోపంగా ఉన్న కస్టమర్‌గా నటించే సహోద్యోగి ఉంటే సరిపోతుంది.

## మీ పరిస్థితి ఏది?

పది మందిలోపు ఉండే చిన్న సంస్థ. ట్రైనర్‌ను పిలిచే స్తోమత లేదు, ఒక సీనియర్ వారం రోజులు పని ఆపితే బండి నడవదు. మీకు మెట్లవారీ పద్ధతే దిక్కు, అది కూడా అన్ని పనులకూ కాదు. తప్పు జరిగితే ఎక్కువ నష్టం వచ్చే మూడు పనులు ఎంచుకుని వాటికి మాత్రమే కాగితాలు రాయించండి. మిగతావి పక్కన కూర్చునే నేర్చుకుంటారు.

షిఫ్టుల్లో నడిచే ఫ్యాక్టరీ. ఇక్కడి అసలు సమస్య, షిఫ్టు షిఫ్టుకూ ఒకే పని వేరు వేరుగా చేయడం. ఎవరి షిఫ్టులో నేర్చుకున్నాడన్న దాన్నిబట్టి కొత్తవాడి పద్ధతి మారిపోతుంది. నేర్పడం మొదలుపెట్టే ముందు మూడు షిఫ్టుల నుంచి ఒక్కొక్కరిని కూర్చోబెట్టి ఆ విడగొట్టిన కాగితం మీద ఒప్పందానికి రమ్మనండి. ఆ ముగ్గురి మధ్య జరిగే వాదనే మంచి ట్రైనింగ్. భద్రత నియమాలు మాత్రం క్లాసులోనే, అందరికీ ఒకేలా చెప్పించండి.

ఇళ్లనుంచి పనిచేసే టీమ్. పక్కన కూర్చోవడం అనేదే లేదు కాబట్టి మాటల మధ్యలో దొరికే తెలివి మొత్తం ఆగిపోతుంది. చిన్న వీడియోలు, వాటితోపాటు స్క్రీన్ షేర్ చేసి ఇద్దరు కలిసి పనిచేసే గంటలు పెట్టండి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఒకే కోడ్ మీద ఇద్దరు కూర్చునే పద్ధతిని ఎప్పటినుంచో వాడుతున్నారు. అకౌంట్స్‌కూ సపోర్ట్‌కూ అది చక్కగా పనికొస్తుంది. కీబోర్డు మాత్రం కొత్తవాళ్ల చేతిలో ఉండాలి, సీనియర్ మాటతోనే నడిపించాలి. కొత్తవాళ్లు సీనియర్ స్క్రీన్‌ను చూస్తూ కూర్చుంటే అది మళ్లీ వీడియోనే అవుతుంది.

రిటైర్ కాబోతున్న నిపుణుడు ఉన్న చోట. "వెళ్లేలోపు మీకు తెలిసిందంతా రాసివ్వండి" అని అడుగుతారు. ఆయన నాలుగు పేజీలు రాసి ఇస్తారు. అందులో అందరికీ తెలిసిందే ఉంటుంది, ఎందుకంటే తనకు ప్రత్యేకంగా తెలిసింది ఏమిటో ఆయనకే తెలియదు. ఒక జూనియర్‌ను ఆయనతో జత చేసి, ప్రతి రిపేరు తర్వాత పది నిమిషాలు ప్రశ్నలు వేయమనండి: ముందు ఏది చూశారు, ఏది చూడకుండా వదిలేశారు, ఎందుకు? ఆ జవాబులను జూనియర్ రాసుకోవాలి. ఇంకా ఆర్నెల్లు సమయం ఉన్నప్పుడే మొదలుపెట్టండి. చివరి నెలలో వీడ్కోలు సభల హడావిడి తప్ప ఇంకేం జరగదు.

నేర్చుకునేది మీరే అయితే, ఎంపిక మీ చేతిలో లేకపోతే. సీనియర్ పక్కన కూర్చోబెట్టారనుకోండి. మొత్తం చెప్పమని అడగకండి. ఒక్క ముక్క తీసుకుని "ఇది నేను చేస్తానండీ, మీరు చూడండి" అనండి. మీ చేతి కింద తప్పు కనిపిస్తే ఆయన నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. "అర్థమైందా?" అని అడిగితే అవుననకుండా, మీకు అర్థమైంది మీ మాటల్లో చెప్పండి. "ఎందుకు" అన్న ప్రశ్నను పని మధ్యలో వేయకుండా రాసిపెట్టుకుని ఖాళీ దొరికినప్పుడు అడగండి. విసుక్కోవడం చాలావరకు తగ్గుతుంది.

## కలిపి వాడటం, అందులో ఒక మోసం

నిజంగా ఎవరూ ఒకే పద్ధతితో సరిపెట్టుకోరు. భద్రత క్లాసులో, సాఫ్ట్‌వేర్ వీడియోలో, చేతి పని మెట్లవారీగా, చిక్కు కేసులు జంటల్లో. ఈ వరసే చాలాచోట్ల సరిపోతుంది. ఇక్కడ ఎవరో ఒకరు 70-20-10 సూత్రం తీస్తారు: డెబ్బై శాతం పని చేస్తూ, ఇరవై శాతం ఇతరుల వల్ల, పది శాతం క్లాసుల్లో నేర్చుకుంటామని. అది 1980లలో అమెరికాలో విజయవంతమైన ఎగ్జిక్యూటివ్‌లను "మీరు ఎక్కడ నేర్చుకున్నారు" అని అడిగి రాబట్టిన జవాబుల నుంచి పుట్టింది. మేనేజర్లు తమ గతం గురించి చెప్పుకున్న మాట అది. మీ లేత్ ఆపరేటర్‌కు ఏ లెక్కన నేర్పాలో దాన్నుంచి తేల్చలేం. క్లాసుల బడ్జెట్ కోయడానికి మాత్రం అది చాలా సౌకర్యంగా ఉంటుంది, అంతగా పేరు రావడానికి అదీ ఒక కారణమని నా అనుమానం.

తోటివాళ్ల చేత నేర్పించే ఏ పద్ధతి ఎంచుకున్నా, మొదలుపెట్టే ముందు ఒక్క నిర్ణయం కాగితం మీద పడాలి. నేర్పే మనిషి టార్గెట్ ఆ రోజుల్లో ఎంత తగ్గిస్తారు? తగ్గించకపోతే ఆయన తన జేబులోంచి మీ ట్రైనింగ్‌కు డబ్బు కడుతున్నట్టే. మొదటి కొత్తవాడికి ఓపిగ్గా చెప్తాడు. రెండోవాడికి సగం చెప్తాడు. మూడోవాడు వచ్చేసరికి "వేరేవాళ్ల దగ్గర పెట్టండి సార్" అంటాడు. నేర్పితే తన విలువ తగ్గిపోతుందన్న భయం కూడా కొందరిలో ఉంటుంది. ఉపన్యాసాలతో అది పోదు. నేర్పడాన్ని ప్రమోషన్ లెక్కలో నిజంగా చేర్చి, ఒకరిద్దరికి ఆ కారణంగా ప్రమోషన్ వచ్చిందని నలుగురూ చూస్తేనే పోతుంది.

ఫలితం చూసేటప్పుడు ఫీడ్‌బ్యాక్ ఫారంతో ఆగిపోవద్దు. డోనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లోనే నాలుగు స్థాయిలు చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, సంస్థకు ఫలితం వచ్చిందా. దాదాపు అందరూ మొదటిదాని దగ్గరే కూర్చుంటారు, ఎందుకంటే అది తేలిక. మీరు మూడోది చూడండి. దానికి సర్వేలు అక్కర్లేదు. ట్రైనింగ్ అయిన నెలకు ఆ మనిషి దగ్గరికి వెళ్లి, ఆ కాగితం చేతిలో పట్టుకుని, పని చేస్తుండగా పది నిమిషాలు నిలబడి చూడండి. ఏ మెట్టు దాటేస్తున్నాడో గుర్తు పెట్టుకోండి. ఒక్కడే దాటేస్తుంటే అతనికి మళ్లీ నేర్పాలి. ముగ్గురూ అదే మెట్టు దాటేస్తుంటే నేర్పిన పద్ధతినో, ఆ కాగితాన్నో అనుమానించాలి. ఒక్కోసారి ఆ మెట్టు నిజంగానే అనవసరం అయ్యుంటుంది, దాన్ని తీసేసి కాగితం మీద కొత్త తేదీ వేయండి.